మాల మీద మాల

పేర్రాజు డాక్టరుగారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు, ఎవరిదో ఒక సంగతి ఎత్తుకుంటారు. ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న శ్రీకర్ ఒకనాడు అడిగాడు: "మగతనం తగ్గిందని వచ్చేవాళ్లకి మందు ఉండనే ఉంది కదండీ. సిగ్గుతో చచ్చిపోతున్న మనిషిని భార్యను కూడా తీసుకురమ్మని ఎందుకు పట్టుబడతారు?"

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కోటిలింగం సంగతి మొదలుపెట్టారు.

కోటిలింగానిది ఎరువుల కొట్టు. నలభై దాటాక ఒంట్లో ఆ శక్తి సన్నగిల్లింది. మొదట్లో అలసట అనుకున్నాడు. తర్వాత్తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. భార్య సత్యవేణి అంటే ప్రాణం, అందుకే ఆవిడ దగ్గర నోరు విప్పలేకపోయాడు. సరిగ్గా అప్పుడే కార్తీకం వచ్చింది, అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాలలో ఉంటే పడక వేరు, ఎందుకని అడిగే నాథుడుండడు. అది తీశాక హనుమంతుడి మాల, ఆపైన భవానీ మాల. ఎంత భక్తిపరుడో అని ఊరంతా మెచ్చుకుంది. భక్తీ లేదు, పాడూ లేదు. మనిషి దాక్కున్నాడంతే.

పోనీ, దాక్కుని సుఖపడ్డాడా అంటే అదీ లేదు. ఆవిడ భిక్ష వడ్డిస్తూ "స్వామీ" అనేది. నియమం ప్రకారం కట్టుకున్న పెళ్లాన్ని అతను "మాతా" అనాలి. అరుగు మీద చాపలో పడుకుని లోపల ఆవిడ గాజుల చప్పుడు వింటుంటే, "వేణీ" అన్న పిలుపు గొంతుదాకా వచ్చి ఆగిపోయేది. ఆవిడ జడలో మల్లెలు పెట్టుకోవడం మానేసిందని గమనించాడు. అవి మళ్లీ చూడాలని ప్రాణం కొట్టుకునేది.

మళ్లీ అయ్యప్ప మాలలో ఉండగా, చెప్పుల్లేని నడకకి కాలికి పుండు పడింది. ఎంతకీ మానకపోతే పేర్రాజుగారి దగ్గరికి వచ్చాడు. ఆయన రక్తపరీక్ష చేయించారు. షుగరు బాగా ఉంది.

ఆయన తలుపు మూసి, "స్వామీ, ఇంట్లో ఆలుమగలు బాగానే ఉంటున్నారా?" అని అడిగారు. కోటిలింగం భోరుమన్నాడు.

"అదీ షుగరు పనేనయ్యా. నరాల్నీ రక్తనాళాల్నీ లోపల్లోపల దెబ్బతీస్తుంది. ముందు షుగరు అదుపులో పెడదాం. గుండె ఎలా ఉందో చూసి బిళ్ల రాస్తాను. బజారు లేహ్యాలు ముట్టుకోకు. సరైన వైద్యంతో చాలామందికి గుణం కనిపిస్తుంది. రేపు మాత్రం మీ ఆవిడతో రా."

"తెలిస్తే నన్ను మగాడిగా చూడదండీ."

"ఇప్పుడు స్వామిగా చూస్తోందిగా, బాగుందా?"

మర్నాడు సత్యవేణి వచ్చి అంతా వింది. "జబ్బేనా డాక్టరుగారూ? నామీద మొహం మొత్తిందేమో అనుకున్నాను. అద్దంలో చూసుకోవడం కూడా మానేశాను" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అంతవరకు చెప్పి పేర్రాజుగారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"మరి మందు పనిచేసిందా సార్?" అన్నాడు శ్రీకర్.

"పుండు కాలితో అతను గుమ్మం దిగుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని, 'ఏవండీ, మెల్లగా' అంది. మాలలో ఉన్నవాణ్ణి అలా పిలవకూడదు, ఇద్దరికీ గుర్తులేదు. మందుల చీటీ నా బల్లమీదే మరిచిపోయి వెళ్తుంటే, నేనే వెనక్కి పిలిచి ఇచ్చానయ్యా."