చౌడేశ్వరి ఒత్తిన సరే

ఇంతియాజ్‌కు ఆ రోజు వచ్చిన చిక్కు గుమ్మంలోనే నిలబడి ఉంది. పేరు చౌడేశ్వరి. చెప్పులు విడవడం కూడా మరిచిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "నా ఉత్తరం మా ఆయనకు కనపడకుండా చెయ్యన్నా. ఒంటిగంట లోపల చెయ్యాల" అంటోంది.

గుట్ట మీద లతీఫ్ బాబా ఖాన్‌ఖా. ఫకీర్లుండే ఆ రెండు గదుల చోటికి అన్ని కులాలవాళ్లూ, అన్ని మతాలవాళ్లూ వచ్చి మనసులో మాట చెప్పుకుని పోతుంటారు. ఇంతియాజ్ బెంగళూరులో ఉద్యోగం మానేసి ఆయన దగ్గర శిష్యుడిగా చేరి రెండేళ్లయింది. కంప్యూటర్లను అక్కడే వదిలి వచ్చాడు గానీ, వాటి మీద మోజు మాత్రం బస్సెక్కి వెంటే వచ్చింది. గుట్ట ఎక్కలేనివాళ్ల కోసం ఒక వెబ్‌సైటు తయారు చేశాడు. అందులో తమ బాధ ఉత్తరంగా రాస్తే, బాబా చెప్పిన జవాబు ఇంతియాజ్ టైపు చేసి పంపుతాడు.

ఆ సైటు తెరవగానే ఒక పెట్టె అడ్డొస్తుంది. 'మీ ఫోనులో కుకీలు ఉంచుతాం, సమ్మతమేనా?' అని. కుకీ అంటే సైటు ఫోనులో దాచిపెట్టే చిన్న గుర్తు. మళ్లీ వచ్చినప్పుడు మనిషిని పోల్చుకుని, పాస్‌వర్డు అడగకుండానే వాళ్ల ఉత్తరం తెరిచి చూపిస్తుంది. ఏం చదివారో కనిపెట్టి అందుకు తగ్గ ప్రకటనలూ పంపుతుంది. సైటు ఖర్చు భరించే కంపెనీ కోరింది అదే. 'సరే' అన్న బటన్ ఆకుపచ్చగా, బొటనవేలు వేస్తే తప్పిపోనంత పెద్దగా ఉంటుంది. 'వద్దు' అన్నది అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ అమరిక ఇంతియాజ్‌దే. నూటికి తొంభై తొమ్మిది మంది సరే అన్నారని చెప్పుకుని మురిసిపోయేవాడు.

చౌడేశ్వరి ఇంట్లో ఉండేది ఒకటే ఫోను. ఆ పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ ఆమె మొగుడు దాన్ని తెరిస్తే విడాకుల లాయర్లు, ఆడవాళ్ల హాస్టళ్ల ప్రకటనలు వరసగా కనిపించాయి. "ఏందివి?" అన్నాడు. తెలీదంది. "మధ్యాహ్నం తీరిగ్గా చూస్తా" అని ఫోను జేబులో వేసుకుని పోయాడు. అతను పని చేసే సిమెంటు ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. ఒంటిగంటకు భోజనాల సైరన్ కూశాక చేతికిస్తారు.

"బిడ్డనెత్తుకుని ఏ రోజు, ఏ బస్సుకు మా అక్క దగ్గరికి పోతానో అన్నీ అందులో రాసినా అన్నా. చూసినాడంటే నన్ను బతకనీయడు."

టైము పన్నెండూ యాభై.

ఇంతియాజ్ భయపడ్డాడు. భయంతో పాటు, ఎందుకో, రోషమూ వచ్చింది. గదిలో పది మంది కూర్చుని చూస్తున్నారు. వాళ్ల ముందు తప్పు తన నెత్తిన పడడం అతనికి ఇష్టం లేకపోయింది.

"చేస్తానమ్మా. కానీ మిమ్మల్ని అడక్కుండా నేనేమీ చెయ్యలేదు. మీరు సరే అన్నారు."

"నేనెప్పుడన్నా?"

"చూపిస్తా ఉండండి." ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని, ఆమె ఒప్పుకున్న తేదీ కోసం వెతకసాగాడు.

"ఏందో అడ్డమొచ్చింది. అది పోతేగానీ రాయనీలేదు. ఒత్తినా" అందామె ఏడుపు గొంతుతో.

గోడవార కూర్చున్న బాబా ఏదో అడిగాడు. ఇంతియాజ్ తెర మీంచి చూపు తిప్పకుండా "ఊఁ" అన్నాడు. బాబా మళ్లీ ఏదో అడిగాడు. "ఊఁ, ఊఁ."

"ఇదిగో! పదకొండో తేదీ, సాయంత్రం ఆరూ పది. సరే అని ఒత్తారు!" గెలిచినవాడిలా తలెత్తాడు.

బాబా చేతిలో నల్ల అట్ట నోటుపుస్తకం ఉంది. ఇంతియాజ్ సంచిలోది. తన మనసులోని మురికంతా అందులో రాసుకుంటాడు. ఇంతవరకూ ఎవరికీ చూపలేదు.

బాబా కళ్లద్దాలు సవరించుకుని, గదిలో అందరికీ వినపడేలా మొదలుపెట్టాడు. "'అమ్మ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది. ఎత్తలేదు. పనిలో ఉన్నానని తర్వాత అబద్ధం చెప్పాను. నిజానికి ఆ సాయంత్రం నేను...'"

"బాబా!" ఒక్క ఉదుటున లేచి పుస్తకం మీద చెయ్యి పెట్టాడు ఇంతియాజ్. "అది నాది! ఎవరినడిగి తీశారు?"

"నిన్నే అడిగినా బేటా. పుస్తకం తీసుకోనా అంటే ఊఁ అన్నావు. అందరికీ చదివి వినిపించనా అంటే రెండుసార్లు ఊఁ అన్నావు."

"నేను వినలేదు!"

"అన్నావు గదా."

"మీరేమడుగుతున్నారో తెలీకుండా అన్నాను బాబా! పనిలో ఉండి, ఏదో తొందరలో..."

చౌడేశ్వరి అతని వైపే చూస్తోంది. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

బాబా పుస్తకం మూసి అతని చేతికిచ్చాడు. తర్వాతి మాట చదవలేదు.

ఇంతియాజ్ మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూలబడ్డాడు. తీసేసే చోట ఆమె పేరు దొరికేసరికి ఒంటిగంట కావస్తోంది.

"అమ్మా, ఫోనులో గుర్తు పోతుంది, ఉత్తరమూ పోతుంది. రెండూ తీసెయ్యనా?"

అంతలో గుట్ట కింద ఫ్యాక్టరీ సైరన్ కూసింది. ఆమె ఉలిక్కిపడి గబగబా తల ఊపింది.

అతని వేలు బటన్ దాకా పోయి ఆగింది. సైరన్ కూస్తూనే ఉంది.

ఇంతియాజ్ తెరను ఆమె వైపు తిప్పాడు. "నేను చెప్పింది విన్నారా అమ్మా? ఇది నొక్కితే ఆ ఫోనుకు మీరెవరో తెలీదు. ఇది నొక్కితే బాబాకు మీరు రాసిన ఉత్తరం చెరిగిపోతుంది, ఇక రాదు. మొదటిది నొక్కినా చాలు, మీ ఆయనకు ఉత్తరం కనపడదు. మీకేం కావాలో చెప్పండి."

ఆమె ఆ రెండింటినీ చూసింది.

"ఉత్తరం ఉండనీ అన్నా. బాబా ఇంకా చదవలేదు గదా, నాకు జవాబు కావాల. ఫోనులోది తీసెయ్."

తీసేశాడు. సైరన్ ఆగిపోయింది.

బాబా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడడిగినావు బేటా."