మూడో ముడి

అనగా అనగా, పెద్ద కొండకు అవతల, పెద్దవాళ్ళ జ్ఞాపకానికి ఇంకా అవతల, ఒక సరస్సు ఉండేది. ఆ సరస్సు ఒడ్డున ఒక ఊరు ఉండేది. తూర్పున కొండ అడ్డం కాబట్టి, లోకమంతా తెల్లవారిన చాలాసేపటికి గాని అక్కడ ఎండ పడేది కాదు. అందుకే దాన్ని నీడగట్టు అనేవారు.

ఏ శత్రువు దండెత్తి వచ్చినా మొదట కాలేది నీడగట్టే. ఏ రాజు గెలిచినా చివర గుర్తొచ్చేది నీడగట్టే.

ఏటా పండుగకు దేశంలోని జనమంతా రాజధానిలో ఉన్న దేవాలయానికి నడిచి వెళ్ళేవారు. ఒక మనిషి మెట్ల మీద నిలబడి ఊళ్ళ పేర్లు చదివేవాడు. పేరు పిలిచిన ఊరు ముందుకు వెళ్ళి తొలిపంట అర్పించేది. నీడగట్టు పేరు ఆ పట్టీలో లేదు. అన్ని ఊళ్ళూ అయిపోయి, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని వచ్చాక, నీడగట్టు జనం మెల్లగా మెట్లెక్కి తమ యవల బుట్ట పెట్టి వచ్చేవారు. అయినా ఏటా వెళ్ళేవారు. తల ఎత్తుకునే వెళ్ళేవారు.

ఎందుకంటే వాళ్ళ దగ్గర ఒక మాట ఉంది.

పూర్వం, శత్రువులు ఊరిని తగలబెట్టి వెళ్ళిన మర్నాడు, ఒక ప్రవక్త ఆ దారిన వచ్చాడు. బూడిదలో కూర్చున్న ఒక ముసలావిడ, మిగిలిన ఒకే ఒక్క చేపను కాల్చి ఆయనకు పెట్టింది. ఆయన తిని, చేయి కడుక్కుని ఇలా అన్నాడు: "అమ్మా, దేవుడు వెలుగును పంపబోతున్నాడు. అది మొదట పడేది రాజధాని మీద కాదు, ఈ నేల మీద. ఆ వెలుగు మనిషిగా వస్తుంది. ఆయన్ను పోల్చుకోవడానికి మూడు గుర్తులు చెబుతాను, దాచుకో."

ఆవిడకు రాయడం రాదు. వల తాడు ముక్క ఒకటి తీసి, ఒక్కో గుర్తుకు ఒక్కో ముడి వేసుకుంది.

ఆ తాడు అత్త చేతినుంచి కోడలి చేతికి వస్తూ వచ్చింది. దాన్ని మగవాళ్ళు ముట్టుకోరు. ప్రతి వసంతంలో, కొత్త వలలు మొదటిసారి నీళ్ళలో దించే రోజున, తాడు దాచిన ఆవిడ బోర్లించిన పడవ మీదికెక్కి ఊరందరికీ చెప్పేది: "మొదటి ముడి, ఆయన సరస్సు దారిన వస్తాడు. రెండో ముడి, ఎవరూ పలకరించని వాణ్ణి ముందు పలకరిస్తాడు. మూడో ముడి నా దగ్గర ఉంది."

మూడో గుర్తు మాత్రం పైకి చెప్పకూడదు. దొంగవాడు విని నటిస్తాడని. అది అత్త నోటినుంచి కోడలి చెవికే వెళ్ళాలి.

మన కథ నాటికి ఆ తాడు మిల్కా అవ్వ దగ్గర ఉంది. వలలు బాగుచేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా. మనవడు పుట్టిన రోజునే మూడో గుర్తు కోడలికి చెప్పేయాలి. అది ఆచారం. కానీ చెప్పేస్తే వచ్చే ఏడు పడవ మీదికి కోడలు ఎక్కుతుంది. పడవ మీద నిలబడడం మిల్కాకు చాలా ఇష్టం. "తొందరేముంది, పిల్లవాడు నడవనీ" అంది. నడిచాడు. "పళ్ళు రానీ" అంది. వచ్చాయి, ఊడిపోయాయి కూడా.

ఇలా ఉండగా, ఒక చలికాలం మిల్కాకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు ఒళ్ళు తెలియలేదు. పదో రోజు లేచి గంజి తాగి, అలవాటుగా కొంగులోని తాడు తడుముకుంది. మొదటి ముడి, సరస్సు దారి. రెండో ముడి, పలకరింపు. మూడో ముడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

ముడి ఉంది గాని, దాని మాట లేదు.

మిల్కా ఎవరికీ చెప్పలేదు. గిన్నె కడుగుతూ వెతికింది, వల అల్లుతూ వెతికింది. అత్తగారి గొంతు గుర్తుంది, ఆవిడ నోటినుంచి వచ్చే సోంపు వాసన గుర్తుంది. మాట మాత్రం రాలేదు.

"ఏంటత్తమ్మా, నీలో నువ్వే గొణుక్కుంటున్నావ్?" అంది కోడలు సిప్పోరా.

"నీ వంటకు దణ్ణం పెట్టుకుంటున్నా" అంది మిల్కా.

సరిగ్గా అప్పుడే, సరస్సు దారిన ఒక సామంతరాజు వచ్చాడు. వంద కాగడాలతో, బాకాలతో వచ్చాడు. ఊరి మొదట్లో ఓబేదు అనే గుడ్డి తాత ఉండేవాడు. చేపలకు వెళ్ళేటప్పుడు అతని ముఖం చూస్తే వల ఖాళీగా వస్తుందని ఎవరూ అతన్ని పలకరించేవారు కాదు. సామంతరాజు గుర్రం దిగకుండానే అతన్ని పలకరించి, భుజాన ఒక శాలువా విసిరాడు.

"రెండు ముళ్ళూ విడిపోయాయి కదా" అన్నాడు. "మూడోది నేను చెప్పనా అవ్వా? ఆ లావు ముడి చూస్తుంటేనే తెలుస్తోంది, అది కత్తి పిడి. మీ పడుచువాళ్ళను నా సైన్యంలోకి పంపండి. మీ ఊరిని కాల్చిన వాళ్ళ ఊళ్ళు కాలుస్తాను."

కుర్రకారుకు రక్తం పొంగింది. అందరూ మిల్కా వైపు చూశారు.

మిల్కా ఆ ముడిని తడిమింది. వలకు చిరుగు పడితే ఎన్ని గళ్ళు పోయాయో ఆ చిరుగే చెబుతుంది. ఏ అతుకు పడుతుందో, ఏది పట్టదో చేతికి తెలుస్తుంది. కత్తి ఆ ఖాళీలో పట్టలేదు.

"అది కాదు నాయనా" అంది.

సామంతరాజు కాగడాలతో సహా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో పొగ వాసన కూడా మిగల్లేదు. ఓబేదు శాలువాను కూడా భటుడు వెనక్కి తీసుకుపోయాడు.

నెల తిరిగాక, అదే దారిన రాజధానినుంచి ఒక పండితుడు వచ్చాడు. గాడిదమీద గ్రంథాలు, చేతిలో ఏడు వత్తుల వెండి దీపం. ఓబేదును దూరంనుంచే శ్లోకం చదివినట్టు పలకరించాడు. తర్వాత పెద్దల ముందు కూర్చున్నాడు.

"మీ మాటలో చిన్న పొరపాటు ఉంది" అన్నాడు. "వెలుగు రాజధానిలోనే పుట్టాలి. మీ మూడో ముడి బురుజులా ఉంది, అంటే రాజధాని కోట. 'వెలుగు కోసం మేమే మీ దగ్గరికి వస్తాం' అని ఒక్క మాట ఒప్పుకోండి. వచ్చే పండుగకు పట్టీలో మీ ఊరి పేరు రాయిస్తాను. మెట్లమీద గట్టిగా చదివిస్తాను."

ఊరిపెద్ద జబూదు కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళ నాన్న, తాత, అందరూ ఆ మెట్ల కింద చీపుళ్ళ పక్కన నిలబడినవాళ్ళే.

"ఒప్పుకో అత్తా" అన్నాడు. "ఒక్కసారి మన ఊరి పేరు వినాలని ఉంది."

మిల్కాకూ ఉంది. ఎంత ఉందో ఆమెకే తెలుసు. కానీ ఆ అతుకు కూడా పట్టలేదు. "ఈ నేల మీద అన్నాడు ప్రవక్త. ఈ నేల కాదని నేనెలా చెప్పను?"

"అయితే మూడోది ఏమిటో నా చెవిలో చెప్పమ్మా. రాసి దాస్తాను, పోకుండా ఉంటుంది" అన్నాడు పండితుడు.

మిల్కా తల దించుకుంది. పండితుడు నవ్వి, దీపం ఆర్పి, గాడిదనెక్కాడు.

"ఇది కాదు, అది కాదు అనడమేగా" అన్నాడు జబూదు. "అసలు ఆ ముడిలో ఏమైనా ఉందా అత్తా? వలలు దించే రోజున పడవ మీద నిలబడి చెప్పు, చూద్దాం."

ఆ రోజు రానే వచ్చింది. ఊరంతా ఒడ్డుకు చేరింది. కొండ నీడ ఇంకా ఇసుకమీదే ఉంది. మిల్కా పడవ మీదికి ఎక్కింది. పని చాలా సులువు. "మూడో ముడి నా దగ్గర ఉంది" అనాలి, దిగిపోవాలి. ఎవరికీ తెలియదు. మర్నాడు సిప్పోరా చెవిలో ఏదో ఒకటి చెప్పేయవచ్చు. ఆమె తన కోడలికి అదే చెబుతుంది. నిజంగా ఆయన వచ్చిన రోజున, నీడగట్టు ఆ తప్పుడు గుర్తు పట్టుకుని ఆయన్ను బయటికి పంపేస్తుంది.

అది తలుచుకుని మిల్కా తాడును పిడికిట్లో బిగించింది.

"మొదటి ముడి, ఆయన సరస్సు దారిన వస్తాడు" అంది. "రెండో ముడి, ఎవరూ పలకరించని వాణ్ణి ముందు పలకరిస్తాడు."

సిప్పోరా వైపు చూసింది.

"మూడో ముడి నా దగ్గర లేదు. జ్వరంలో పోయింది. కోడలికి ఎప్పుడో చెప్పాల్సింది, ఈ పడవ మీది ఆశతో చెప్పలేదు. తప్పు నాది. కానీ అక్కడ వేరే మాట పెట్టను, మీరూ పెట్టకండి. ఖాళీని ఖాళీగానే ఉంచండి. ఇచ్చినవాడికి తెలుసు అక్కడేముందో."

ఒక ముసలాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. సిప్పోరా పడవ దగ్గరికి వచ్చి అత్త చేయి పట్టుకుంది.

అప్పుడు జనం వెనక కదలిక. ఎవరో ఓబేదు తాతను చేయి పట్టి నడిపించుకొస్తున్నారు. ఓబేదు నవ్వుతున్నాడు. అతను నవ్వగా చూసినవాళ్ళు అక్కడ చాలా తక్కువ.

తీసుకొచ్చినవాడు కొత్త మనిషి. కాళ్ళకు సరస్సు దారి దుమ్ము, భుజాన వడ్రంగి సంచి. కాగడా లేదు, దీపం లేదు.

"తెల్లారకముందే వచ్చాడు" అన్నాడు ఓబేదు. "నా పక్కనే కూర్చున్నాడు. ఇంత రొట్టె నాకు పెట్టి, ఇంత తను తిన్నాడు. ఏ గాలికి ఏ చేప పడుతుందో చెప్పించుకున్నాడు. నా పేరు అడిగాడర్రా."

ఆ మనిషి మిల్కా వైపు చూసి అడిగాడు: "అవ్వా, ఈ ఊళ్ళో ఖాళీగా ఉన్న ఇల్లేమైనా ఉందా? ఇక్కడే కాపురం ఉందామని వచ్చాను."

జనంలో నవ్వులు లేచాయి. "ఈ ఊరినుంచి పోయేవాళ్ళను చూశాం గాని, ఉంటానని వచ్చినవాణ్ణి చూడలేదు" అన్నారెవరో.

మిల్కా నవ్వలేదు. అత్తగారి గొంతు, సోంపు వాసనతో సహా, చెవి పక్కనే పలికింది. అందరూ వస్తారు, పోతారే పిల్లా. ఆయన పోడు. మన మధ్య ఇల్లు చూసుకుంటాడు.

"ఇదే" అంది మిల్కా. "మూడో ముడి ఇదే. ఆయన మనతో కాపురం ఉంటాడు."

జబూదు తల అడ్డంగా ఊపాడు. "అతను అన్నాక నువ్వు అంటున్నావు అత్తా. ఇందాక లేనిది ఇప్పుడెలా వచ్చింది? ఎలా నమ్మను?"

నిజమే. మిల్కా చేతిలోని తాడు వైపు చూసుకుంది.

"ఆ తాడు ఇటివ్వు మిల్కమ్మా" అన్నాడు ఓబేదు.

మగవాళ్ళు ముట్టని తాడు అది. మిల్కా ఒక్క క్షణం చూసి, దిగి, అతని చేతిలో పెట్టింది. గుడ్డివాడి వేళ్ళు మెల్లగా నడిచాయి.

"మొదటిది వల ముడి. రెండోది వల ముడి. మూడోది..." ఓబేదు ఆగాడు. మళ్ళీ తడిమాడు. "ఓరి జబూదూ, నాకు చూపున్న రోజుల్లో, నీ చిన్నప్పుడు, నేనే నేర్పానురా ఇది. పడవను గుంజకు కట్టే ముడి. ఇక కదలదు, ఇక్కడే ఉంటుంది అనుకున్నప్పుడు వేసే ముడి."

ఇన్ని తరాలూ ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఒకటే. ఆ ఊళ్ళో వలలు ఆడవాళ్ళవి, పడవలు మగవాళ్ళవి. తాడు పట్టుకున్న ఆడవాళ్ళకు ఆ ముడి రాదు. ముడి వచ్చిన మగవాళ్ళు ఆ తాడు పట్టుకోరు. ఊరు కాలిన ఆ మర్నాడు మగవాళ్ళు ఎవరూ మిగల్లేదు కాబట్టి, పడవలు కూడా ఆడవాళ్ళే కట్టారు. ఆ ముసలావిడ వేళ్ళకు రెండు ముళ్ళూ తెలుసు.

జబూదు ముందుకొచ్చి వేలితో ముడిని తాకాడు. అవునన్నట్టు తల ఊపాడు. అంతలో సూర్యుడు కొండ దాటాడు. ఇసుక మీది నీడ జారిపోతూ, పడవ మీదినుంచి, ఓబేదు ముఖం మీదినుంచి, ఆ వడ్రంగి దుమ్ము కాళ్ళ మీదినుంచి తొలగిపోయింది.

"మా పక్కిల్లు ఖాళీ నాయనా" అంది మిల్కా. "తలుపు సరిగా పడదు."

"తలుపు నేను చేసుకుంటాను" అన్నాడాయన.

ఆయన ఎవరో నేను మీకు చెప్పనక్కరలేదు కదా. ఆయన అక్కడ కాపురం పెట్టాక రాజధానినుంచి పెద్ద పెద్దవాళ్ళు సరస్సు దారిన నడిచి వచ్చి, "ఆయన ఇల్లు ఏదమ్మా?" అని మిల్కాను అడిగేవారు. మిల్కా వల మీదినుంచి తల ఎత్తి, తాపీగా, ఊరి పేరుతో సహా చెప్పేది: "నీడగట్టులో మా పక్కిల్లే."

పట్టీలో ఆ ఊరి పేరు ఆ ఏడూ చదవలేదు. ఆ పైఏడూ చదవలేదు. జబూదు అది గమనించనే లేదు.

మిల్కా ఆ రోజు సాయంత్రమే మూడు గుర్తులూ సిప్పోరాకు చెప్పింది. ఆ తర్వాత ఊళ్ళోని ఆడపిల్లలకూ మగపిల్లలకూ చెప్పింది. ఇక దాచాల్సిన పని లేదుగా. కత్తెర ఎక్కడ పెట్టిందో, ఉప్పు వేసిందో లేదో మరిచిపోతూనే ఉండేది. కానీ దానికి భయపడడం మానేసింది.

మనం మరిచిన మాటను మాట ఇచ్చిన దేవుడు మరువడు. కాబట్టి తెలియని చోట అబద్ధంతో అతుకు వేయక ఖాళీగా ఉంచినవారి దగ్గరికే, లోకం మరిచిన ఊరికే, ఆయన వెలుగు ముందుగా నడిచి వస్తుంది.