సూరీడమ్మ నిలబడని వరస

అనగనగా ఒక అడవి అని మొదలుపెడతానని అనుకున్నారు కదూ? ఈ కథలో అడవి లేదు. అనగనగా ఒక సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డున, మొగలి పొదల కింద ఒక చిన్న పేట. దాని పేరు గుల్లలపేట.

ఆ పేటలో ఉండేవాళ్ళంతా గుల్లపీతలు. గుల్లపీత అంటే తెలుసుగా? ఖాళీ గుల్ల కనిపిస్తే అందులో దూరి, దాన్నే ఇల్లు చేసుకుని, ఆ ఇంటిని వీపున మోసుకుంటూ తిరిగే పీత. దాని ఒంట్లో ముందు సగం గట్టి. వెనక సగం మాత్రం మెత్తన, అచ్చం వెన్నముద్ద. గుల్ల లేని పీత కాకి కంటబడిందా, ఇక అంతే సంగతులు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పీత పెరుగుతుంది, గుల్ల పెరగదు. పాత ఇల్లు ఇరుకైనప్పుడల్లా కొత్త ఇల్లు చూసుకోవాల్సిందే.

అందుకే గుల్లలపేటలో ఒక పద్ధతి ఉండేది. అలలు ఎప్పుడైనా పెద్ద ఖాళీ గుల్లని ఒడ్డుకి తెచ్చి పడేస్తే, చూసినవాళ్ళు అందులో దూరకూడదు. పటకారులాంటి ముందుకాలి డెక్కతో దాని మీద టక్ టక్ టక్ అని మూడుసార్లు కొట్టాలి. ఆ చప్పుడు వినగానే పేటంతా చేతిలో పని వదిలేసి వచ్చేది. అందరికంటే పెద్ద పీత ముందు, దాని వెనక కాస్త చిన్నది, దాని వెనక ఇంకాస్త చిన్నది, ఇలా వరసగా నిలబడేవాళ్ళు. ముందున్న పీత కొత్త గుల్లలోకి దూకగానే, రెండోది మొదటిదాని పాత గుల్లలోకి, మూడోది రెండోదాని గుల్లలోకి... కళ్ళు మూసి తెరిచేలోపు పేటంతా ఇళ్ళు మారిపోయేది!

ఆ పేటలో సూరీడమ్మ అని ఒక గుల్లపీత ఉండేది. ఆమె గుల్ల మీద నలుపూ పసుపూ పులిచారలు. ఎండ పడితే ధగధగ మెరిసేవి. గుల్ల ఎంత అందమో, సూరీడమ్మ నోరు అంత పదును. పేటలో ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. ఇసుక తడిగా ఉందని మీరంటే, కాదు, పొడిగానే ఉందని చెప్పి ఒప్పించి పంపగలదు.

ఒకరోజు పొద్దున్నే నీళ్ళు వెనక్కి తగ్గాయి. పేట పనుల్లో పడింది. కొందరు దారిలో చిక్కుకున్న వలదారాలు లాగి పక్కన పడేస్తున్నారు. కొందరు నాచు ఏరుతున్నారు. అంతలో టక్ టక్ టక్!

ఇంత పెద్ద గుల్ల! పేటకి పెద్దదిక్కయిన పోలమ్మత్త ఎగురుకుంటూ వచ్చింది. అందరికంటే భారీగా ఉండే ఎల్లయ్య మావ ముందు నిలబడ్డాడు. అతని వెనక పోలమ్మత్త. ఆమె వెనక ఇద్దరు. అయిదో చోటు సూరీడమ్మది. ఆ చోటు ఖాళీ.

"ఒలే సూరీడమ్మా! బేగి రాయే! వరస కట్టీసినాం!" అని కేకేసింది పోలమ్మత్త.

సూరీడమ్మ రాయి మీద ఎండ కాచుకుంటూ, "నేను రానత్తా" అంది.

"ఏటే, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఒక మాట అడుగుతాను, సెప్పు. నా గుల్ల నాకు సరిపోతంది కదా?"

"సరిపోతంది."

"మరి కొత్తది నాకెందుకు?"

"నీకు కాదే, నీ ఎనకాల..."

"ఆగత్తా, నన్ను పూర్తి సెయ్యనీ. నేను నిలబడనంత మాత్రాన ఎవరి గుల్లయినా లాక్కున్నానా? లేదు. ఎవరినైనా తోసేశానా? లేదు. కదలకుండా నా రాయి మీద నేను కూచున్నాను. కదలనివాళ్ళ వల్ల ఎవరికైనా నష్టం జరుగుద్దా? నువ్వే సెప్పు!"

పోలమ్మత్త ఇక వాదన పెంచకుండా వరసలో ముందుకి తిరిగింది.

పిల్లలూ, సూరీడమ్మ చెప్పింది సబబుగానే ఉందని మీలో ఎవరికైనా అనిపించిందా? నిజం చెప్పండి, ఏమీ అనను. సరే, ఏం జరిగిందో చూడండి.

ఎల్లయ్య మావ కొత్త గుల్లలోకి దూకాడు. పోలమ్మత్త అతని గుల్లలోకి. మూడో పీత, నాలుగో పీత చకచకా మారిపోయారు. నాలుగో పీత వదిలిన గుల్ల ఖాళీగా మిగిలింది. అది సూరీడమ్మ దూరాల్సిన గుల్ల. ఆమె వెనక నిలబడాల్సిన పీత అందులో దూరి చూసింది. లోపల అటూ ఇటూ దొర్లిపోయింది. ఆ బరువుతో ఒక్క అడుగు వేయలేకపోయింది. చేసేదేం లేక బయటికొచ్చేసింది.

వరస అక్కడే తెగిపోయింది. వెనకున్న పదకొండు మందీ ఎవరి పాత గుల్లలో వాళ్ళు ఇంటిదారి పట్టారు. ఖాళీ గుల్లని ఒక అల వచ్చి ఎత్తుకుపోయింది.

"చూశావా అత్తా, అంతా సవ్యంగా జరిగిపోయింది!" అంది సూరీడమ్మ.

ఆ పదకొండు మందిలో అందరికంటే చివర దాలమ్మ. మనిషి పొట్టి, మాట గట్టి. దాలమ్మ గుల్లకి అప్పటికే చిల్లు పడి ఉంది. నాలుగు రోజులకి ఆ చిల్లు పెద్దదై, గుల్ల రెండు చెక్కలైంది. పాపం ఏం చేస్తుంది? ఒడ్డున దొరికిన ఎర్రటి టూత్‌పేస్టు మూతలో దూరింది. నడిస్తే రాళ్ళకి తగిలి టకటకా టకటకా ఒకటే మోత. ఎక్కడికెళ్ళినా ఊరందరికీ తెలిసిపోయేది. కాకికి కూడా.

ఆమెని చూసి సూరీడమ్మకి నవ్వాగలేదు.

"ఏటే దాలమ్మా, కొత్త మేడలో దిగినావా?"

"దిగినానే. నువ్వు కట్టించిందే కదా."

"నేనా! నాకూ నీకూ మధ్యన పదిమంది ఉన్నారు. నీ గుల్ల పగిలితే నాకేటి సంబంధం?"

దాలమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "నీతో వాదించే ఓపిక నాకు లేదు. ఈ మూతలో ఊపిరే ఆడటం లేదు" అని టకటకా వెళ్ళిపోయింది.

అమావాస్య వెళ్ళింది, పున్నమి వచ్చింది. సూరీడమ్మ ఒళ్ళు చేసింది. మొదట నడుం పట్టేసినట్టు ఉండేది. తర్వాత ఒక కాలు లోపలికి పోవడం మానేసింది. తర్వాత రెండు కాళ్ళు. చివరికి పెద్ద డెక్క కూడా బయటే ఉండిపోయింది. పులిచారలు మెరుస్తూనే ఉన్నాయి, కానీ ఆ ఇంటికి ఇప్పుడు తలుపు పడదు.

మొగలి పొద మీద అప్పలసామి అనే కాకి ఉండేది. దాని చూపు మెల్లగా దాలమ్మ మీంచి సూరీడమ్మ మీదికి మళ్ళింది.

"సూరీడమ్మగోరూ, ఈ మధ్య నిండుగా కనబడతన్నారు!" అంది కాకి, ఎంతో మర్యాదగా.

సూరీడమ్మ డెక్కని లోపలికి లాక్కోబోయింది, పట్టలేదు. అయినా వరస దగ్గరికి వెళ్ళి అడగాలంటే అభిమానం అడ్డొచ్చింది. అన్ని మాటలు అన్నాక ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? "నా ఇల్లు నేనే వెతుక్కుంటాను" అని బయల్దేరింది.

మొదట ఒక గులాబీరంగు గుల్ల కనిపించింది. డెక్క లోపల పెట్టి చూసింది. లోపల్నుంచి ఒక నత్త తల బయటపెట్టి, "ఎవరమ్మా అది? నేనింకా బతికే ఉన్నాను" అంది. సూరీడమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

తర్వాత ఒక చోట వరసగా అయిదు గుల్లలు కనిపించాయి. పరుగున వెళ్ళింది. అన్నిటికీ బెజ్జాలు, బెజ్జాల్లోంచి దారం. ఎవరో దండ గుచ్చి ఒడ్డున పారేసుకున్నారు.

చివరికి బోర్లించిన పడవ పక్కన ఒక తెల్లగుల్ల దొరికింది. కొలిచి చేసినట్టు సరిగ్గా ఆమె సైజే! బెజ్జం లేదు, లోపల ఎవరూ లేరు. సూరీడమ్మ సంబరంగా పాత గుల్లలోంచి బయటికి రాబోయి, తల ఎత్తి చూసింది.

పడవ మీద అప్పలసామి.

"కానియ్యండమ్మా, మారండి. మీకు మొగమాటంగా ఉంటే నేను అటు తిరుగుతాను" అంది కాకి. అన్నట్టే అటు తిరిగింది. ఒక కన్ను మాత్రం ఇటే ఉంచింది.

ఈ గుల్లలోంచి ఆ గుల్లలోకి పోవడం అంటే ఒక్క రెప్పపాటు. కానీ కాకి దూకడానికి ఆ రెప్పపాటు చాలు. మారితే వెన్నముద్ద పోతుంది. మారకపోతే డెక్క పోతుంది. కాకి ఒక్క గెంతు కిందికి గెంతింది. తర్వాత ఇంకో గెంతు.

అప్పుడు వినిపించింది, టకటకా టకటకా.

"ఒలే సూరీడమ్మా, ఇంత ఎండలో ఏటి సేస్తన్నావే?" దాలమ్మ గొంతు.

"ఏం లేదు. గాలికి వచ్చినాను."

"డెక్క బయటెట్టుకునా?"

సూరీడమ్మ కాకిని చూసింది. దాలమ్మ వేసుకున్న ఎర్రమూతని చూసింది. సూరీడమ్మ దగ్గర మాటలకి ఎప్పుడూ కరువు లేదు. కానీ ఇప్పుడు కావలసినవి నాలుగే నాలుగు మాటలు.

"దాలమ్మా... కాస్త వరసని పిలుస్తావా?"

దాలమ్మ తెల్లగుల్ల కేసి చూసింది. పులిచారల గుల్ల కేసి చూసింది. "నువ్వు మారితే నీది ఖాళీ అవుద్ది కదా?"

"అవుద్ది."

"మనసు మార్చుకోవు కదా?"

"మార్చుకోను. బేగి పిలువే తల్లీ!"

"అయితే కూకో. వరస వచ్చేదాకా సచ్చిపోకు" అని దాలమ్మ పడవ చెక్కకేసి తన మూతని బాదింది. ప్లాస్టిక్ కదా, డెక్కతో కొట్టినదానికి పదింతల చప్పుడు. కాకి కూడా ఉలిక్కిపడి రెక్కలు విదిలించింది.

వలదారాలు ఏరేవాళ్ళు వచ్చేశారు. నాచు ఏరేవాళ్ళు వచ్చేశారు. అందరికంటే ముందు ఎల్లయ్య మావ, తన గంపంత గుల్ల ఈడ్చుకుంటూ వచ్చి కాకికి ఎదురుగా నిలబడ్డాడు. అతని పక్కన పోలమ్మత్త. వాళ్ళ వెనక మిగతావాళ్ళు, ఒకరినొకరు ఆనుకుని గోడ కట్టినట్టు.

సూరీడమ్మకి ఊరుకోబుద్ధి కాలేదు. "మావా, ఈ తెల్లగుల్ల నీకు చిన్నది కదా. నీకు ఇక్కడ ఏటీ దొరకదు."

"దొరకదు."

"మరి ఎందుకొచ్చినావు?"

"కాకికి ఎదురుగా ఎవడో ఒకడు నిలబడాలి కదే. ప్రశ్నలు తర్వాత. ముందు దూకు!"

సూరీడమ్మ దూకింది. వెన్నముద్ద ఎండకి మెరిసి, తెల్లగుల్లలో మాయమైంది. కాళ్ళు లోపలికి పోయాయి. డెక్క లోపలికి పోయింది. అబ్బ! ఎన్నాళ్ళకి ఒళ్ళంతా ఒక్కచోట చేరింది!

ఆమె తల బయటపెట్టి చూసేసరికి వరస కదులుతోంది. వెనకున్న పీత పులిచారల గుల్లలోకి దూకింది. దాని గుల్లలోకి ఇంకోటి. దాని గుల్లలోకి మరోటి. దూక్! దూక్! దూక్! ఆ కదలిక ఇసుక మీద అలలాగా ఆమెకి దూరంగా, ఇంకా దూరంగా సాగిపోతోంది. తన వెనకున్న వరస కదలడం సూరీడమ్మ ఎప్పుడూ చూసి ఎరగదు. ముందున్నవాళ్ళ వీపులే తప్ప వెనకున్నవాళ్ళ మొహాలు ఆమెకి తెలీవు.

పది గుల్లలు మారాయి. చివర్లో ఒక బుల్లి గోధుమరంగు గుల్ల మిగిలింది. దాలమ్మ ఎర్రమూతని విదిలించి పారేసి అందులోకి దూరింది. దొర్లి పడలేదు. ఇరుక్కోలేదు. నాలుగడుగులు వేసింది. చప్పుడు లేదు.

దాలమ్మ ఆగి, చెవి ఒగ్గి విన్నది. ఇంకో నాలుగడుగులు వేసింది. అయినా చప్పుడు లేదు. ఆమె అలా రాళ్ళ మీద ఊరికే, ఎక్కడికీ కాకుండా, గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

అప్పలసామికి దక్కింది ఎర్రమూత ఒక్కటే. కొరికి చూసి, మొహం చిట్లించి, ఎగిరిపోయింది.

సూరీడమ్మ నెమ్మదిగా పోలమ్మత్త దగ్గరికి వచ్చింది. "అత్తా, ఆ రోజు నేను రాయి మీంచి కదల్లేదు..." అని ఆగిపోయింది.

"ఊఁ. కదల్లేదు. అయితే?" అంది పోలమ్మత్త.

"అదే తప్పు."

"అబ్బో! ఇన్నాళ్ళకి నీ నోట ఇంత పొట్టి వాదన విన్నాను" అంది పోలమ్మత్త. ఎల్లయ్య మావ గుల్ల అదిరేలా నవ్వాడు. పులిచారల గుల్లలోకి మారిన పీత తల బయటపెట్టి, "ఒలే సూరీడమ్మా, ఈ ఇల్లు ఎప్పుడైనా ఊడ్చినావేటే? మోకాలి దాకా ఇసుకే!" అని అరిచింది. ఈసారి సూరీడమ్మ వాదనకి దిగలేదు. డెక్క పైకి మడిచి, ఊడ్చడానికి వెళ్ళింది.

నీతి: ఊరంతా కలిసి చేసే పనిలో మనకేం వస్తుందని మాత్రమే చూడకూడదు, మనం కదలకపోతే మన వెనక ఎంతమంది ఆగిపోతారో కూడా తిరిగి చూసుకోవాలి.