నమిలే చప్పుడు

ధ్యానంలో కూర్చుంటే పక్కన పిడుగు పడినా కన్ను తెరవనని ఇంతియాజ్ గొప్పలు పోయేవాడు. ఓసారి ఆ మాట అంటుండగానే వంటింట్లో గిన్నె మూత జారి ఠంగుమంది. మనవాడు ఎగిరి పక్కనున్న తోటి శిష్యుడు దస్తగిరి ఒళ్లో పడ్డాడు.

అది కొండ అంచున ఉన్న సూఫీ గురువుగారి ఆశ్రమం. మధ్యాహ్నం నమాజు అయ్యాక శిష్యులంతా పాత గురువు సమాధి ఉన్న గదిలో తలుపులు మూసుకుని మౌనంగా కూర్చుంటారు. ఒకరు నిప్పుల మీద ఊదు వేస్తారు. ఆ పని దక్కడం పెద్ద గౌరవం.

ఈమధ్య ఆ గదిలో ఒక చప్పుడు మొదలైంది. కర్... కర్... ఎవరో రాళ్లు నములుతున్నట్టు. తీరిగ్గా, రుచి చూసుకుంటూ.

సమాధి మీద కప్పిన పచ్చ గుడ్డ కిందనుంచే వస్తోందని ఒకడన్నాడు. చప్పుడైనప్పుడల్లా ఊదు పొగ వంకర తిరుగుతోందని దస్తగిరి ఒట్టేశాడు. ఇద్దరు మూటలు సర్దుకుని కొండ దిగిపోయారు.

ఆ చప్పుడు వినబడనిది ఒక్క ఇంతియాజ్‌కే. “నేను అంత లోపలికి వెళ్లిపోతాను మరి!” అని మీసం దువ్వుకున్నాడు.

వాడి భయం వేరే ఉంది. కింది దవడలో స్క్రూ బిగించి పెట్టించుకున్న పన్ను నిలవడం లేదు. మొదటిది ఎముక పట్టకుండానే ఊడింది. రెండోది కదులుతోంది.

“బీడీ అలవాటు లేదు, షుగరు లేదు, శుభ్రంగా తోముకుంటున్నావు,” అని డాక్టరు తల గోక్కున్నాడు. “ఇదీ పోతే ఇంకోటి బిగించడానికి ఎముక మిగలదయ్యా.”

ఇంతియాజ్ ఆలోచించి ఆలోచించి గురువుగారి దగ్గరకు పరుగెత్తాడు.

“హజ్రత్, ఆ సమాధి దగ్గర నమిలేదేదో నా దవడ ఎముకనే తింటోంది. రక్షగా ఒక తావీజు కట్టండి.”

“నీ మీదే ఎందుకంత కోపం దానికి?”

“ఏమో! నాకైతే ఎవరి మీదా కోపం లేదు. నిన్నగాక మొన్నొచ్చిన దస్తగిరికి ఊదు వేసే పని ఇచ్చారు. నేనేమైనా అన్నానా?”

“అనలేదు,” అన్నారు హజ్రత్.

తావీజు కట్టలేదు. ఆ మధ్యాహ్నం గదిలోకి వెళ్లే ముందు తలా ఒక తమలపాకు ఇచ్చారు.

“పళ్ల మధ్య పెట్టుకుని కూర్చోండి. నమలకండి.”

తలుపులు మూశారు. పొగ లేచింది. ఇంతియాజ్ ఎప్పట్లాగే లోపలికి వెళ్లిపోయాడు.

కళ్లు తెరిచేసరికి పక్కన ఎవరూ లేరు. అందరూ అవతలి గోడకు అతుక్కుపోయి ఉన్నారు. వాళ్ల అరచేతుల్లో ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. ఒక్కరూ సమాధి వైపు చూడటం లేదు. అందరి చూపూ వాడి మీదే.

హజ్రత్ మాత్రం కదల్లేదు. వాడి నోటి ముందు అరచెయ్యి పట్టారు.

“ఉమ్మెయ్.”

ఆకు లేదు. పచ్చటి ముద్ద, దాంట్లో ఎర్రటి చారలు. ముద్ద మధ్య స్క్రూతో సహా పన్ను.

“నువ్వలా పళ్లు నూరుతుంటే, సొంత పన్నయితే నొప్పెట్టి నిన్ను లేపేది,” అన్నారు హజ్రత్. “దీనికేం తెలుసు పాపం, ఊడిపోయేదాకా ఊరుకుంది.”

“లేపడమేంటి హజ్రత్? నేను ధ్యానంలో...”

హజ్రత్ వాడి చొక్కా మీద కారిన చొంగ వైపు చూశారు.

“...నిద్రే,” అన్నాడు ఇంతియాజ్.

హజ్రత్ పన్నును వాడి చేతిలో పెట్టి వేళ్లు మూశారు.

“పన్ను పోయింది. నమిలేది ఇంకా లోపలే ఉంది. ఎవర్ని నములుతున్నావు, బేటా?”

ఇంతియాజ్ దస్తగిరి వైపు చూశాడు. అతని చేతిలో ఉన్న ఊదు గిన్నె వైపు చూశాడు. తల దించుకున్నాడు.

“వాణ్ని కాదు,” అన్నాడు చివరికి. “మిమ్మల్నే, హజ్రత్.”