మాబున్ని ఆకలి

ఎవరు ఏమి అడిగినా కాశింపీరా గారు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. కనిగిరి దగ్గరి ఒక పల్లెలో పొద్దంతా పరుపులు కుట్టి, సాయంత్రం తత్వాలు పాడి అర్థం చెప్పేవారాయన. శిష్యుడు చెంచురామయ్యకు అప్పటికి ముప్పై ఏళ్ళు. ఏడాదిగా గురువు ఇంట్లోనే ఉంటూ, పెరట్లో నాటుకోళ్ళను చూసుకునేవాడు. ఒకరోజు అతను అడిగాడు: "అయ్యా, పెంచినదాన్ని కోసుకు తినేవాడికి దయ గురించి మాట్లాడే అర్హత ఉంటుందా?"

గురువు దారం కొరికి, "చూద్దాం" అన్నారు.

ఆయన కూతురు మాబున్ని అప్పుడు టైఫాయిడ్‌తో పడి ఉంది. జ్వరం దిగి వారమైనా నోట మెతుకు పెట్టడం లేదు. ఏం పెట్టినా తల తిప్పుకునేది. లేచి కూర్చుంటే కళ్ళు తిరిగేవి. డాక్టరు కూడా, ఇక ఏదో ఒకటి తినకపోతే కష్టమని చెప్పి వెళ్ళాడు.

ఆ ఆదివారం పొద్దున ఆ పిల్ల కళ్ళు తెరిచి, "అమ్మా, కోడిపులుసు తినాలనుందే" అంది.

తల్లి సైదమ్మ చేతిలో చెంబు వదిలేసి వాకిట్లోకి పరుగెత్తింది. "ఏమయ్యోయ్! అడిగింది! నోరు తెరిచి అడిగింది!" ఇంట్లో పండగ వచ్చినట్టయింది. ఒకరు పొయ్యి రాజేశారు, ఒకరు మిరియాలు నూరడానికి కూర్చున్నారు.

పెరట్లో ఉన్నవన్నీ పొదుగుతున్న పెట్టలు, పిల్లలు. కోయదగింది ఒక్కటే, ఎర్రపుంజు. పిల్లప్పుడు తల్లిని పిల్లి ఎత్తుకుపోతే, చెంచురామయ్య దాన్ని నూకలు పెట్టి, చలికి గంప కింద గోనెపట్ట కప్పి సాకాడు. అది అతని భుజమెక్కి కూర్చునేది.

"అయ్యా, ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఒక కోడిని తెస్తాను" అన్నాడతను.

"అది మాత్రం ఎవరూ పెంచకుండానే పెరిగిందా?" అన్నారు గురువు.

పుంజును పట్టడానికి అందరూ దిగారు. అది దడి దూకింది, గడ్డివామి ఎక్కింది, సైదమ్మ కాళ్ళ సందునుంచి దూరి ఆమెను బోర్లా పడేసింది. పక్కింటి వాళ్ళు కూడా వచ్చి, "అటు! అటు!" అని అరుస్తూ ఉరికారు. పుంజు ఇంటి కప్పెక్కింది. కిటికీ పట్టుకుని లేచి నిలబడిన మాబున్ని నవ్వుతోంది. ఆ నవ్వు విని నెలరోజులయింది.

"దొరికిందా చెంచన్నా?" అని అరిచింది.

చెంచురామయ్య ఆగిపోయాడు. కాసేపు నేలకేసి చూసి, గొంతుకూర్చుని, రోజూ పిలిచేలాగే నాలుక చప్పరించాడు. పుంజు కప్పుమీంచి దిగి, తిన్నగా వచ్చి అతని చేతుల్లో ఒదిగింది. దాని గుండె టకటకా కొట్టుకోవడం అతని అరచేతికి తెలుస్తోంది.

అప్పుడు విడిచిపెట్టవచ్చు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. అతను కిటికీ వైపు చూశాడు. తర్వాత దాన్ని గుండెకు అదుముకుని గురువు దగ్గరికి నడిచాడు. చెట్టు నీడలో దానికి నీళ్ళు తాగించాడు. గురువు బిస్మిల్లా అని ఒక్క వేటుకు కోశారు. అది కదలడం ఆగేదాకా చెంచురామయ్య చేతులు తీయలేదు.

ఆ తర్వాతి పనులూ అతనే చేశాడు. వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకాడు. పసుపు పూసి తాటాకు మంటమీద కాల్చాడు. చేదు తిత్తి చిట్లకుండా లోపలిదంతా తీసి, ముక్కలు కోసి ఇచ్చాడు. సైదమ్మ అల్లం, వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు వేసి సన్నటి సెగమీద ఉడికించింది. వాసన వీధి చివరిదాకా పోయింది. "ఇంకా కాలేదా?" అని మాబున్ని నాలుగుసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా తల్లి మొహం వెలిగిపోయింది.

రాగిసంకటిలో పులుసు పోసుకుని ఆ పిల్ల గిన్నె ఊడ్చి తింది. వేళ్ళు నాకి, "ఇంకొంచెం" అంది. సైదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. చెంచురామయ్య కూడా ఒక ముద్ద తిన్నాడు. రుచిగా ఉంది. అలా ఉన్నందుకే అతనికి కన్నీళ్ళు వచ్చాయి.

సాయంత్రం నూకల చాట తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. పెట్టలూ పిల్లలూ రెక్కలు టపటపలాడించుకుంటూ అతని కాళ్ళమీదికి ఎగబడ్డాయి. అతను పిడికిట్లో నూకలు పట్టుకున్నాడు గానీ, పొద్దున పుంజును పట్టి ఇచ్చిన ఆ చెయ్యి విప్పలేకపోయాడు. చేతిని వీపు వెనక దాచుకుని అలాగే నిలబడిపోయాడు.

కాశింపీరా గారు వెనకే వచ్చి, అతని మణికట్టు పట్టుకుని మెల్లగా ముందుకు తెచ్చారు.

"చెయ్యి దాచుకోకు నాయనా" అన్నారు. "వాటికి ఆకలవుతోంది."