రాజుగారికీ కావలసివచ్చిన చీటీ

నాకీమధ్య ఏది ముందు జరిగిందో, ఏది తరవాతో తారుమారవుతోంది. రాజుగారు జారిపడింది ముందా, చాటింపు వేయించింది ముందా అని నిన్న చాలాసేపు ఆలోచించాను. చాటింపే ముందు. అక్కణ్ణుంచే చెబుతాను.

ఒకానొక రాజ్యంలో రవ్వలపాడు అనే ఊరుండేది. తొలకరి వానలకు అక్కడి ఎర్రచేలలో వజ్రాలు బయటపడేవి. పేదలు తట్టా జల్లెడా పట్టుకుని ఆ పదిహేను రోజులూ తవ్వుకునేవారు. ఏడాది తిండి ఆ పదిహేను రోజుల్లోనే ఉంది. వాళ్ల కట్టుబాట్లు వాళ్లకున్నాయి. చేలో చెప్పులతో దిగరు. గుడ్డ కట్టిన కర్ర పాతిన చోట మరొకరు చెయ్యి పెట్టరు. పాత గుంట పూడ్చనిదే కొత్తది తవ్వరు.

ఒక ఏడు పొరుగుసీమ వాళ్లెవరో వచ్చి, లోతుగా తవ్వి, పూడ్చకుండా పోయారు. ఆ గుంటలో పడి ఒక మనిషి చనిపోయాడు.

రాజు విజయకేతుడికి కోపం వచ్చింది. రావలసిన కోపమే. కానీ తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఎవరినీ అడక్కుండా శాసనం రాయించాడు. అనుమతి చీటీ లేనిదే ఎవరూ పార ఎత్తరాదు. వజ్రం ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో ముందుగా చెబితేనే చీటీ.

"చివర్న 'రాజైనా సరే' అని చేర్చు," అన్నాడు లేఖకుడు శరభయ్యతో. "నా న్యాయం ఎలాంటిదో లోకం చూడాలి." అలాగే ఊరూరా చాటింపు వేయించాడు.

ఓబులక్క అనే ముసలామె చీటీ కోసం రెండు రోజులు నడిచి కోటకు వచ్చింది.

"దొరా, ఎక్కడుందో తెలిస్తే వెతకడమెందుకు?" అంది.

"నాకే ఎదురు ప్రశ్నా!" అన్నాడు రాజు. భటులు ఆమె జల్లెడ లాక్కున్నారు.

కొలువులో కోనయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. అతను లేచి, "మహాప్రభూ, ఇంత గొప్ప శాసనం ఎలా నడుస్తుందో తమరు చేలకు వచ్చి కళ్లారా చూడాలి," అన్నాడు. రాజు పొంగిపోయి బయలుదేరాడు. శరభయ్య గంటమూ తాటాకులూ పట్టుకుని వెనకే నడిచాడు.

చేను గట్టున ఓబులక్క అడ్డం వచ్చింది. "చెప్పులు విప్పు దొరా. తడిమట్టి, జారుతుంది."

"రాజు చెప్పులు విప్పాలా?"

"విప్పకండి ప్రభూ," అన్నాడు కోనయ్య వినయంగా.

నాలుగడుగులు వేశాడో లేదో, రాజు వెల్లకిలా పడ్డాడు. జారతాడని కోనయ్యకు తెలుసు. ఉంగరంలోంచి తాతల నాటి వజ్రం ఊడుతుందని మాత్రం తెలియదట. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. గట్టి వాన పడితే వజ్రం వాగులో కలుస్తుంది.

"తవ్వండి! వెతకండి!" అని రాజు అరిచాడు. భటులు పారలు ఎత్తారు.

"ఆగండి!" అన్నాడు కోనయ్య. "చీటీ ఏది? రాజైనా సరే అని ఉంది కదా. శరభయ్యగారూ, రాయండి. ప్రభూ, వజ్రం ఎక్కడ ఉంది?"

"ఇక్కడే ఎక్కడో!"

"అలా రాయకూడదు. ఎంత లోతున ఉంది?"

"తెలిస్తే వెతకడమెందుకయ్యా!"

ఓబులక్క మెల్లగా అంది, "మొన్న నేనన్నదీ అదే కదా దొరా."

రాజు మొహం ఎర్రబడింది. మబ్బువంక చూశాడు, మట్టి అంటిన తన బట్టల వంక చూసుకున్నాడు. చివరికి వంగి, చెప్పులు విప్పాడు. "ఆమె జల్లెడ ఇచ్చేయండి," అన్నాడు.

ఓబులక్క భటులందరినీ చేలోంచి బయటికి పంపింది. రాజు పడినచోట కర్ర పాతింది. తనవాళ్లతో మట్టి ఎత్తించి, కడిగి, మిగిలిన గులకరాళ్లు చదును నేల మీద పరిపించింది. గుంట పూడ్చాకే కూర్చుంది. అదృష్టం, వాన పక్కకు పోయింది. మర్నాడు పొద్దున ఏటవాలు ఎండలో ఒక రాయి తళుక్కుమంది. ఆమె దాన్ని తెచ్చి రాజు చేతిలో పెట్టింది.

"ఇన్ని కట్టుబాట్లు మీకుంటే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు రాజు.

"తమరు అడగలేదు ప్రభూ," అన్నాడు కోనయ్య.

రాజు పగలబడి నవ్వాడు. అప్పటికప్పుడు పాత శాసనం కొట్టేయించాడు. ఇక చీటీ చేను గట్టునే ఇస్తారు, ఓబులక్కా ఆ ఊరి పెద్దలూ ఇస్తారు. అడిగేది ఒక్కటే, పాత గుంట పూడ్చావా అని. పొరుగుసీమ వాళ్లయినా సరే. కోనయ్యకు పట్టు శాలువా కప్పి, "నీకింకేం కావాలి?" అన్నాడు.

"కొత్త శాసనం చివర కూడా ఆ 'రాజైనా సరే' మాత్రం ఉంచండి ప్రభూ. అదొక్కటే బాగుంది."

అమ్మా సుభాషిణీ, నీ మేనత్త అడుగుతోంది, పేర్లు ఒకసారి సరిచూడు. రాజు విజయకేతుడో జయకేతుడో, లేఖకుడు శరభయ్యో వీరభయ్యో. తప్పయితే దిద్దు. ఓబులక్క పేరు మాత్రం ముట్టుకోకు, అది నాకు బాగా గుర్తు.