కొత్వాలు చెప్పిన శాసనం

"రేపు దీపాలు పెట్టేలోగా నాకొక శాసనం కావాలి," అన్నారు వెలిగట్టు ప్రభువు మల్లభూపతి. "కోట వాకిట్లో బండిని ఎప్పుడు సోదా చెయ్యొచ్చో, ఎప్పుడు చెయ్యకూడదో అందులో తేలిపోవాలి. దాన్ని మన కొత్వాలు తనంతట తాను ఒప్పుకోవాలి. బలవంతం పనికిరాదు."

ఆ కొత్వాలును నేనే. పేరు ఎర్రమనాయుడు. ప్రభువుకి ఈ ఆలోచన రావడానికి కారణమూ నేనే.

ముందురోజు మంత్రసాని లచ్చమ్మ బండిని ఆపాను. "బిడ్డ అడ్డం తిరిగిందట నాయనా, పోనియ్యి," అని బతిమాలింది. ఇంత తొందరపడుతోందంటే ఏదో దాస్తోందనుకున్నాను. మూటలన్నీ దింపించి, నూనె ముంతల్లో కూడా చెయ్యి పెట్టి వెతికితే దొరికింది గుప్పెడు వాము. ఆమె వెళ్ళేసరికి తల్లి ప్రాణం మీదికి వచ్చింది. తల్లీబిడ్డలు బతికారంటే అది లచ్చమ్మ చేతి చలవ. బిడ్డ తండ్రి తిన్నగా సభకొచ్చి ప్రభువుతో మొరపెట్టుకున్నాడు.

"ఎందుకు ఆపావు?" అని ప్రభువు నన్నడిగారు.

"అనుమానం ప్రభూ. బండి తోలేవాడు తొందరపడితే నాకు అనుమానం. నింపాదిగా ఉంటే ఇంకా అనుమానం. మూట విప్పనన్నాడా, ఇక అనుమానం కూడా అక్కర్లేదు, దొంగే."

గొప్పగా చెప్పాననుకుని, ఎవరెవరు తలాడిస్తున్నారా అని సభంతా కలయజూశాను. వింజామర వీచేవాడొక్కడే తలాడించాడు. వాడు కునుకు తీస్తున్నాడు.

అప్పుడు లేచాడు రాయసం మాచన. ప్రభువు ఉత్తరాలు రాసే బక్కపలచటి మనిషి. నేనతన్ని గంటం పురుగు అని పిలిచేవాణ్ణి.

"శాసనం నేను రాస్తాను ప్రభూ. రేపు ఉదయం ఒక్క పూట కోట వాకిలి నాకు అప్పగించండి. నాయుడుగారి పద్ధతిలోనే కాపలా కాస్తాను."

"రాయలేకపోతే?"

"ఏడాదిపాటు నాయుడుగారి కింద బంట్రోతుగా ఉంటాను."

నేను వెంటనే సరేనన్నాను. మాచన నా చెప్పులు ఏ చంకలో పెట్టుకుని నడుస్తాడా అని అప్పుడే ఊహించుకుంటున్నాను. పైగా నాకు ఆ పూట తీరిక కావాలి. చిలకలపాడులో ఒక రహస్యమైన పనుంది.

ఆ రహస్యం ఇప్పుడు చెప్పేస్తాను, దాచి లాభం లేదు. తలపాగా కింద నుంచి భుజాల మీద పడే నా ఉంగరాల జుట్టు చూసి ఊరంతా హడలిపోయేది. అందులో నావి అనదగ్గవి పద్నాలుగు వెంట్రుకలు. మిగతాదంతా చిలకలపాడులో ఒక ముసలమ్మ అల్లిన సవరం. పాతదాన్ని ఎలుకలు కొరికేశాయి. కొత్తదాన్ని కొయ్యపెట్టెలో పెట్టుకుని, ఎవరికీ తెలియకూడదని బండి నేనే తోలుకుంటూ తిరిగొచ్చాను.

వాకిట్లో నా పీట మీదే కూర్చుని ఉన్నాడు మాచన. చేతిలో తాటాకు, గంటం. వెనక నా భటులే ఎనిమిదిమంది. లోపలికి పోవడానికి వరసకట్టిన జనం పాతికమంది దాకా ఉన్నారు.

"ఆపండి నాయుడుగారూ. ఆ పెట్టె విప్పండి."

"నేనెవరో తెలియదటయ్యా?"

"తెలుసండి. కాని తమరు తొందరగా వచ్చారు. చెమటలు కూడా పడుతున్నాయి."

పాతికమందీ మెడలు సాచారు. నేను పెట్టెను చంకలోకి లాక్కున్నాను.

"నేను దొంగతనం చేశానని ఎవరైనా ఫిర్యాదు చేశారా?" అన్నాను.

"లేదండి," అని తాటాకు మీద ఏదో గీశాడు.

"బండిలో దొంగసొత్తు నీ కంటికేమైనా కనబడిందా?"

"లేదండి." మళ్ళీ గీశాడు.

"పోనీ, ధర్మాధికారి ముద్ర వేసిన ఆజ్ఞ ఉందా?"

"అదీ లేదండి."

"అయితే నా అంతట నేను ఇష్టపడి విప్పాలి. నేను ఇష్టపడటం లేదు."

"విప్పనన్నవాడు దొంగేనని తమరే సెలవిచ్చారు కదండీ."

"మనిషన్నాక నలుగురికీ చూపించుకోలేనివి ఉండవటయ్యా? దాచుకున్నదల్లా దొంగసొత్తేనా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక లచ్చమ్మ మొహం గుర్తొచ్చింది. మొన్న నేను ఈ వాకిట్లో పరిచింది ఆమె మూటలు. తల దించుకున్నాను.

మాచన గంటం ఆపి, మెత్తగా అడిగాడు. "ఆ చివరి మాట మళ్ళీ ఒకసారి చెప్పండి. ఒక్క అక్షరం కూడా పోకూడదు."

నా తెలివి చూడండి, అతనికి రాసుకోవడానికి వీలుగా నిదానంగా మళ్ళీ చెప్పాను.

"పదండి," అన్నాడు. పెట్టె ముట్టుకోకుండానే నన్ను సభకి తీసుకెళ్ళి, తాటాకు చదివాడు.

"ఫిర్యాదు ఉండాలి, లేదా దొంగసొత్తు కంటికి కనబడాలి, లేదా ధర్మాధికారి ముద్ర ఉండాలి. ఇవేవీ లేనప్పుడు బండివాడు ఇష్టపడితేనే సోదా. వద్దన్నంత మాత్రాన దొంగ కాడు. దాచుకున్నదల్లా దొంగసొత్తు కాదు."

"బాగుంది. ఎవరి మాటలివి?" అన్నారు ప్రభువు.

"కొత్వాలుగారివే ప్రభూ. నేను రాశానంతే."

"ఒప్పుకుంటావా ఎర్రమనాయుడూ?"

కాదంటే పెట్టె తెరవాలి. "అక్షరం అక్షరం ఒప్పుకుంటాను ప్రభూ."

ప్రభువు లక్క కరిగించి శాసనం మీద ముద్ర వేశారు. వేసి, నా చంకలోని పెట్టెకేసి చూశారు. "సరేగాని, అందులో ఏముంది? ఒకసారి విప్పు."

నా ప్రాణం పోయినంత పనైంది. మాచన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ప్రభువులకు ఉన్నది అనుమానం ఒక్కటే. ఇందాక ముద్ర వేసిన శాసనానికి అది చాలదు."

ప్రభువు క్షణం సేపు ముద్రకేసి చూసి, సింహాసనం అదిరేలా నవ్వారు. వేలి కెంపు ఉంగరం తీసి మాచనకిచ్చారు. ఇకనుంచి మంత్రసాని బండి వస్తే దారి చేస్తూ నేనే ముందు పరుగెత్తాలని నాకు ఆజ్ఞాపించారు. సభంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను, పెట్టె మూతను రెండు చేతులా అదిమిపట్టుకుని.